వేల్స్ పల్లెల్లో విక్టోరియన్ ఇంటిని చదవడం ఎలా: వెనక వైపు నుంచి మొదలుపెట్టండి

వేల్స్ పల్లె రోడ్ల మీద పోతుంటే ఏదో ఒక మలుపులో చెట్ల వెనక నుంచి పలకరాయి కప్పు, దాని మీద ఐదారు పొగగొట్టాలు, కోసుగా పైకి లేచిన త్రికోణం గోడ కనపడతాయి, కార్లో ఉన్నవాళ్లు దెయ్యాల కొంపలా ఉందే అంటారు, ఎవరో ఒకరు ఫోటో తీస్తారు, అక్కడితో అయిపోతుంది. నేనూ చాలాకాలం అంతే. తర్వాత తెలిసిందేంటంటే ఆ ఇల్లు సుమారు ఎప్పుడు కట్టారు, ఎవరి డబ్బుతో కట్టారు, ఆ ఊరికి రైలు వచ్చాక కట్టారా రాకముందా, లోపల పనివాళ్లు ఎక్కడ తిరిగేవాళ్లు, ఇదంతా గోడల మీదే ఉంటుంది, ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు. ఆర్కిటెక్చర్ చదవక్కర్లేదు. ఒక బైనాక్యులర్స్, ఫోన్‌లో మ్యాప్, తడిసినా పర్లేదనుకునే బూట్లు ఉంటే సరిపోద్ది.

విక్టోరియన్ అంటే విక్టోరియా రాణి ఏలిన కాలం, 1837 నుంచి 1901 దాకా. అరవై ఏళ్ల పైమాటే కాబట్టి అన్నీ ఒకే తీరుగా ఉంటాయనుకోకండి, 1840ల ఇల్లూ 1890ల ఇల్లూ తాతా మనవళ్లంత తేడాగా ఉంటాయి.

ఇంకో మాట, అన్నిటికంటే ముఖ్యం ఇదే. ముందు వైపు చూసి వయసు చెప్పొద్దు. ముందు భాగం వచ్చేపోయేవాళ్లకి చూపించుకోడానికి కట్టింది, కాస్త డబ్బు రాగానే మార్చేది కూడా దాన్నే. వెనక భాగాన్ని ఎవరూ పట్టించుకోరు, అందుకే నిజం అక్కడ మిగులుతుంది. నేనొకసారి మధ్య వేల్స్‌లో పౌయిస్ వైపు ఒక ఇంటిని చూసి, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చే బే కిటికీలు రెండు, మధ్యలో పోర్చి, ఎర్ర ఇటుక, ఇంకేముంది 1880లు అని పెద్ద నిపుణుడిలా ప్రకటించేశా, పక్క కాలిబాట మీదుగా వెనక్కి పోయి చూస్తే అక్కడ రెండడుగుల మందం రాతి గోడలు, చెయ్యెత్తితే తగిలేంత తక్కువ ఎత్తులో చూరు, మంచం పట్టేంత వెడల్పున్న పొగగొట్టం అడుగు. అంటే అదొక పాత రైతు ఇల్లు, దాని ముందు విక్టోరియన్ ముఖం అతికించారు, పాత ఇల్లు కాస్తా కొత్త ఇంటికి వంటిల్లయిపోయింది. వేల్స్‌లో ఇది చాలా మామూలు. డబ్బున్న రైతు పాతది కూలగొట్టడు, ముందు కొత్త గదులు వేసుకుని పాతదాన్ని వెనక పనులకి వదిలేస్తాడు.

కాబట్టి వీలైతే పక్క నుంచి, వెనక నుంచి చూడండి. కప్పు ఎత్తు ఒక్కసారిగా మారే చోటు, గోడలో పై నుంచి కిందికి గీత గీసినట్టు రాళ్లు ఒకదాంట్లో ఒకటి కలవని చోటు, మూసేసిన కిటికీ ఆనవాలు, ఈ మూడూ వెతకండి. అలాంటి నిలువు గీత ఉందంటే అక్కడ రెండు వేర్వేరు కాలాల గోడలు పక్కపక్కన నిలబడ్డాయని అర్థం.

కప్పు

వెనక్కి పోయే దారి లేకపోతే కప్పుతో మొదలుపెట్టమంటాను ఎందుకంటే దూరం నుంచి, రోడ్డు మీద నుంచి, ఎవరి గేటూ దాటకుండా చూడగలిగేది అదొక్కటే. వేల్స్ అంటేనే స్లేటు, మన చిన్నప్పటి పలక ఏ రాయో అదే. ఉత్తరాన బెథెస్డా దగ్గర పెన్రిన్ క్వారీ, లాన్‌బెరిస్ దగ్గర డినోర్విక్, బ్లైనై ఫెస్టినియోగ్ గనులు, ఇవి ప్రపంచమంతా కప్పులు పంపించాయి, ఆ ప్రాంతాన్ని 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టింది కూడా. పెన్రిన్ రాయి కొంచెం ఊదా రంగుకి తిరుగుతుంది, ఫెస్టినియోగ్‌ది నీలం కలిసిన బూడిద రంగు, వాన పడ్డాక ఎండ వచ్చినప్పుడు చూస్తే తేడా బాగా తెలుస్తుంది.

పాత కప్పుల్లో పలకలు చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి అవుతూ ఉంటాయి, ఎందుకంటే క్వారీలో దొరికిన సైజులన్నీ వాడేసేవాళ్లు, బరువైనవి కింద పెట్టేవాళ్లు. అన్నీ ఒకే సైజులో, రూళ్లకర్ర పెట్టి గీసినట్టు ఉన్నాయంటే అది క్వారీలో సైజుల వారీగా కోసి అమ్మిన సరుకు, విక్టోరియన్ కప్పుల్లో ఎక్కువ ఇవే. ఆ సైజులకి పేర్లు భలే ఉంటాయి, డచెస్ అంటే 24 అంగుళాలకి 12, కౌంటెస్ 20కి 10, లేడీ 16కి 8. క్వారీలో చలికి వణుకుతూ రాయి చీల్చే కూలీ రోజంతా దొరసానుల బిరుదులు లెక్కపెట్టేవాడన్నమాట.

తర్వాత వాలు చూడండి. బాగా నిటారుగా, చర్చి కప్పులా లేచి ఉంటే గోథిక్ మోజు, అంటే మధ్యయుగపు చర్చిల తీరు మీద మోజు ఉన్న యజమాని. స్లేటుకి అంత వాలు అవసరమే లేదు, ముప్పై డిగ్రీలున్నా నీళ్లు జారిపోతాయి, కాబట్టి ఆ నిటారు అంతా షోకే. త్రికోణం గోడ అంచుకి చెక్కి పెట్టిన పలకని బార్జ్‌బోర్డ్ అంటారు, లేసు అల్లినట్టు చిల్లులు, వంపులు ఉంటాయి, మిషన్ రంపాలు వచ్చాక ఇవి చవకైపోయి చిన్న చిన్న గేటు ఇళ్లకి కూడా పెట్టేశారు. కొప్పు మీద ఎర్ర మట్టితో కాల్చిన కోడిజుట్టు లాంటి పెంకులు కూడా అప్పటి సరదానే.

ఇప్పుడు పొగగొట్టాలు లెక్కపెట్టండి. ఇటుక స్తంభం కాదు, దాని నెత్తిన ఉండే మట్టి గొట్టాలు. దాదాపుగా ఒక్కో గొట్టం కింద ఒక్కో పొయ్యి ఉంటుంది. పన్నెండు గొట్టాలున్నాయంటే పన్నెండు గదుల్లో నిప్పు, అంటే రోజూ పొద్దున్నే పన్నెండు చోట్ల బూడిద ఎత్తి, బొగ్గు మోసి, అంటించే మనుషులు. ఇంటి స్థాయి కొలవడానికి ఇంతకంటే సులువైన లెక్క నాకు తెలియదు. గొట్టాలు తీసేసి మూసేసినా ఆ చోట్లు కనపడతాయి.

గోడలు, రైలు

రైలుకి ముందు వేల్స్ పల్లెలో ఇల్లంటే చుట్టుపక్కల తవ్విన రాయే. బ్రెకన్ వైపు ఎర్ర ఇసుకరాయి, దక్షిణ లోయల్లో పెనాంట్ అనే బూడిద రంగు ఇసుకరాయి, స్నోడోనియా వైపు స్లేటు ముక్కలు, గుండ్రాళ్లు, పౌయిస్ తూర్పు వైపు కలప చట్రంలో నలుపు తెలుపు ఇళ్లు. రాయిని బళ్ల మీద మైళ్లు మైళ్లు లాగడం ఖరీదు కాబట్టి ఊరి మట్టి ఏ రంగో ఇల్లూ దాదాపు ఆ రంగే. తర్వాత రైళ్లొచ్చాయి, చెస్టర్ నుంచి హోలీహెడ్ లైను బ్రిటానియా వంతెనతో 1850లో పూర్తయింది, 1860లకల్లా మధ్య వేల్స్‌లోకి కూడా పట్టాలు చేరాయి, లాన్‌డ్రిండోడ్ వెల్స్‌కి 1865లో రైలు వచ్చాక అక్కడ ఇటుక మేడలు, హోటళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి.

అందుకే గోడ చూడగానే అడగాల్సిన ప్రశ్న: ఈ సరుకు ఇక్కడిదేనా? రాతి గోడకి కిటికీ మూలల్లో మాత్రం నున్నటి లేతరంగు రాయి పెట్టారంటే అది ఎక్కడి నుంచో వచ్చింది, బాత్ రాయి అయితే ఇంగ్లాండ్ నుంచే. రక్తం రంగులో, నూనె రాసినట్టు నున్నగా, అంచులు చెక్కుచెదరకుండా ఉన్న ఇటుక అయితే రుఆబన్ ఇటుక కావచ్చు, ఈశాన్య వేల్స్‌లో రెక్సమ్ పక్కన ఊరు అది, అక్కడి ఎర్ర టెర్రకోట, అంటే అచ్చుపోసి కాల్చిన మట్టి, ఎంత పేరు పొందిందంటే కార్డిఫ్ రేవులో 1897లో కట్టిన పియర్‌హెడ్ బిల్డింగ్ నిండా అదే. రాళ్ల ఊళ్లో అలాంటి ఇటుక ఇల్లు ఒంటరిగా నిలబడి ఉంటే కట్టినోడు కావాలనే అలా చేశాడు, నా సరుకు రైల్లో వస్తుంది అని ఊరికి చెప్పడానికి.

పన్నులు కూడా గుర్తుపెట్టుకోండి, వయసు కట్టడానికి పనికొస్తాయి. గాజు మీద పన్ను 1845లో పోయింది, ఇటుక మీద 1850లో, కిటికీల మీద పన్ను 1851లో. ఆ ఆరేళ్ల తర్వాత కిటికీలు పెద్దవవడం, బే కిటికీలు బయటికి పొడుచుకు రావడం యాదృచ్ఛికం కాదు.

వేల్స్‌లో ఇంకోటి చూడొచ్చు, నైరుతి వైపు గోడకి మాత్రం కప్పు మీదలా స్లేటు పలకలు కొట్టి ఉంటాయి, మిగతా మూడు వైపులా మామూలుగా ఉంటాయి. గాలివాన ఎక్కువగా ఆ వైపు నుంచే కొడుతుంది కాబట్టి గోడకి రెయిన్‌కోటు తొడిగారన్నమాట. స్నోడోనియా శిఖరాల మీద ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు దాటి పడుద్ది మరి.

నలుపు తెలుపు చారలున్న ఇల్లు చూసి మోసపోవద్దు. పౌయిస్‌లో నిజంగా కలప చట్రంతో కట్టిన పాత ఇళ్లున్నాయి, వాటిని చూసి విక్టోరియన్లు ఇటుక గోడ మీద సన్నటి పలకలు కొట్టి నల్లరంగు వేసి అదే వేషం వేశారు. నిజమైనదైతే దుంగలు వంకరగా, ఎగుడుదిగుడుగా, అతుకుల దగ్గర చెక్క మేకులతో ఉంటాయి. వేషమైతే చారలన్నీ ఒకే వెడల్పు, మూలకి వచ్చి చూస్తే పలక మందం రెండంగుళాలు కూడా ఉండదు.

కిటికీ, తలుపు

పైకీ కిందికీ జరిగే సాష్ కిటికీలో గాజు ముక్కలు లెక్కపెట్టడం చిన్నపిల్లలు కూడా చేయగలరు. పైన ఆరు కింద ఆరు చిన్న ముక్కలుంటే విక్టోరియాకి ముందు అలవాటు. పైన రెండు కింద రెండు, లేదంటే పైన ఒకటి కింద ఒకటి పెద్ద అద్దం ఉంటే విక్టోరియన్. పెద్ద గాజు బరువెక్కువ, మధ్యలో సన్న చట్రాలు లేకపోయేసరికి మూలల అతుకులు ఊడిపోయేవి, అందుకని పై రెక్క కింది మూలల్లో కొమ్ముల్లా చిన్న చెక్క ముక్కలు మిగిల్చారు, హార్న్స్ అనే అంటారు వాటిని. కొమ్ములుంటే దాదాపు 1840ల తర్వాతదే. పాత గాజైతే పక్క నుంచి చూసినప్పుడు ఆకాశం నీళ్లలో నీడలా కదులుతుంది. ఇవి తీసేసి తెల్ల ప్లాస్టిక్ కిటికీలు పెట్టిన ఇల్లు చూస్తే నాకు పళ్లు రాలగొట్టుకున్న మొహం గుర్తొస్తుంది, కానీ జనవరిలో ఆ సింగిల్ గాజు పక్కన పడుకున్నవాళ్లని అడిగితే వాళ్ల బాధ వాళ్లది.

గుమ్మం దాటి లోపలికి వెళ్లే అదృష్టం ఉంటే ముందు నేల చూడండి. ఎరుపు, నలుపు, పసుపు, తెలుపు చిన్న చిన్న టైల్స్ ముగ్గులా పరిచి ఉంటాయి, వాటిలో ముగ్గు అరిగిపోనివి ఎన్‌కాస్టిక్ టైల్స్, పైన వేసిన రంగు కాదు, వేరే రంగు మట్టిని లోపల నింపి కాల్చినవి, అందుకే నూట యాభై ఏళ్లు బూట్లతో తొక్కినా డిజైన్ పోదు. ఇంగ్లాండ్‌లో స్టోక్ ఊరి మింటన్, ష్రాప్‌షైర్‌లోని ‘మా అండ్ కో’ (Maw & Co) అనే కంపెనీ వీటికి పెద్ద పేర్లు.

తలుపుకి నాలుగు పలకలుంటే విక్టోరియన్, ఆరుంటే అంతకు ముందుది అని ఒక మోటు లెక్క. కానీ నాకు ఇష్టమైన పరీక్ష వేరే. తలుపు మూసి రెండు వైపులా చూడండి. కొన్ని ఇళ్లలో ఒకే తలుపుకి హాలు వైపు నగిషీ పట్టీలు ఉంటాయి, పనివాళ్ల వైపు బోడి చెక్క. ఆ ఒక్క తలుపు దగ్గర ఇంట్లో సరిహద్దు గీత ఎక్కడుందో తెలిసిపోతుంది. పెద్ద ఇళ్లలో ఆ సరిహద్దు తలుపుకి పచ్చని ఉన్ని గుడ్డ ఇత్తడి మేకులతో కొట్టి ఉంచేవాళ్లు, వంటింటి చప్పుడూ వాసనా ఇటు రాకుండా.

పనివాళ్ల ఇల్లు

విక్టోరియన్ పెద్ద ఇల్లంటే నిజానికి రెండిళ్లు, ఒకదాంట్లో ఒకటి దూర్చి పెట్టినట్టు. ఒకటి యజమానులది, ఇంకోటి పనివాళ్లది, ఇద్దరూ వీలైనంత తక్కువ ఎదురుపడాలి. దీన్ని పట్టుకుంటే ప్లాను మొత్తం విడిపోతుంది.

మెట్లు రెండు ఉంటాయి. ముందువి వెడల్పుగా, మెల్లగా ఎక్కేలా, ఓక్ చెక్కతోనో అమెరికా నుంచి తెచ్చిన పిచ్ పైన్ చెక్కతోనో. వెనకవి ఇరుకుగా, నిటారుగా, మలుపులు తిరుగుతూ, మామూలు చెక్కతో. వెనక మెట్ల మధ్య భాగం గిన్నెలా అరిగిపోయి ఉంటుంది, ముందు మెట్లు అంత అరగవు, ఎవరెక్కువ తిరిగారో అక్కడే తెలుస్తుంది. బొగ్గు, వేడినీళ్లు, మరుగుదొడ్డి కుండలు అన్నీ ఆ మెట్ల మీదుగానే.

వంటింటి దారిలో గోడ పైన వరసగా గంటలుంటే కాసేపు ఆగండి. డ్రాయింగ్ రూములో మీట తిప్పితే గోడ లోపల పోయే తీగ లాగి ఇక్కడ గంట మోగుతుంది, ఒక్కో గంట చుట్ట తిరిగిన స్ప్రింగు మీద ఉంటుంది కాబట్టి మోత ఆగాక కూడా ఊగుతూనే ఉంటుంది, పరిగెత్తుకొచ్చిన అమ్మాయి ఏ గది గంటో చూసుకోడానికి. తర్వాత కరెంటు గంటలొచ్చాయి, కానీ గోడ మూలల్లో పాత తీగల కప్పీలు ఇప్పటికీ దొరుకుతాయి.

గదుల దిక్కులు దిక్సూచి పెట్టి చూడండి. పొద్దున్న కూర్చునే గదికి తూర్పు ఎండ, డ్రాయింగ్ రూముకి దక్షిణం వైపు తోట, పాలగది, సరుకుల గది మాత్రం ఉత్తరం వైపు. ఆ సరుకుల గదిలో మందపాటి స్లేటు బండ అరుగులా ఉంటుంది, మీద చెయ్యి పెడితే ఎండాకాలంలో కూడా చల్లగా తగులుతుంది, వెన్న, మాంసం, పాలు దాని మీదే. ఫ్రిజ్ లేని రోజుల్లో ఫ్రిజ్ అది. ఇంటి మొత్తంలో ఏది బాగుంది అంటే నేను పాలరాతి పొయ్యి చెప్పను, ఈ బండే చెప్తా.

పైకి పోయేకొద్దీ అన్నీ చిన్నబోతాయి. కింద గదిలో పాలరాతి పొయ్యి, సీలింగ్ చుట్టూ ప్లాస్టర్ పూలు, గోడ అడుగున అడుగు ఎత్తు చెక్క పట్టీ (స్కర్టింగ్). రెండో అంతస్తులో పోత ఇనుము పొయ్యి, సాదా అంచు. అటక మీద పనివాళ్ల గదుల్లో చేతిసంచి అంత పొయ్యి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. ఎవరి గది ఏదో కాగితం అక్కర్లేకుండా చెప్పేయొచ్చు.

పెద్ద ఉదాహరణలు కొన్ని

చిన్న ఇళ్లన్నీ పెద్ద ఇళ్లని చూసి వాత పెట్టుకున్నవే, కాబట్టి నాలుగు పెద్దవి తెలిస్తే మంచిది. పేర్లు పలకడం గురించి ముందే చెప్తా, వెల్ష్‌లో ఒంటి ఎఫ్ అంటే మన వ శబ్దం, రెండు ఎఫ్‌లు ఉంటేనే ఫ. డబ్ల్యూ చాలాసార్లు ఊ అని అచ్చు. రెండు ఎల్‌లు ఉంటే నాలుక ల దగ్గర పెట్టి పక్కల నుంచి గాలి వదలాలి, నేను పైన లాన్ అని రాసి వదిలేశాను.

బ్రెకన్ దగ్గర లాన్‌గోర్స్ సరస్సు పక్కన ట్రెబెర్విథ్. 1840ల చివర్లో మొదలుపెట్టారు, ఆర్కిటెక్ట్ జాన్ లఫ్‌బరో పియర్సన్, తర్వాత ట్రూరో కెథెడ్రల్ డిజైన్ చేసింది ఈయనే. ఇక్కడ చూడాల్సింది కావాలని రెండు వైపులా ఒకేలా లేకుండా చేయడం. కిటికీ ఎక్కడ అవసరమో అక్కడ, పొగగొట్టం ఎక్కడ పడితే అక్కడ, ఇల్లు కాలక్రమంలో పెరిగినట్టు కనిపించాలి. అంతకు ముందు తరానికి తలుపు సరిగ్గా మధ్యలో ఉండాలి, అటు ఎన్ని కిటికీలో ఇటు అన్ని ఉండాలి. ఒక ఇల్లు బుద్ధిగా సగానికి మడిచినట్టు ఉందా, చెల్లాచెదురుగా ఉందా అన్నది చూసుకుంటే చాలు, సగం శైలి తెలిసిపోయినట్టే.

కాన్వీ జిల్లాలో లాన్‌గెర్నియు పక్కన హవొడీనొస్. సర్ జార్జ్ గిల్బర్ట్ స్కాట్ డిజైన్, 1861 నుంచి 1866 దాకా కట్టారు, ఎర్ర ఇటుక గోథిక్. పేరుకి అర్థం ఒక్క రాత్రి వేసవి ఇల్లు అని. పేదవాడు ఊరుమ్మడి భూమిలో రాత్రికి రాత్రి గుడిసె వేసి తెల్లారేసరికి పొగ రప్పించగలిగితే ఆ చోటు అతనిదే అని వేల్స్‌లో జనం నమ్మేవాళ్లు, అలాంటి పేరున్న చోట ఐదేళ్లు పట్టిన భవనం! డబ్బు శాండ్‌బాక్ అనే లివర్‌పూల్ వర్తకుల కుటుంబానిది, దక్షిణ అమెరికాలో డెమెరారా చెరకు తోటల నుంచి, మొదట బానిసల చెమట నుంచి వచ్చింది. 2004లో మంటల్లో చాలా భాగం పోయింది.

అబెర్గెలె దగ్గర కిన్‌మెల్ హాల్ది వేరే కథ. విలియం ఈడెన్ నెస్‌ఫీల్డ్ 1870లలో కట్టాడు, గోథిక్ కోసులు లేవు, ఎర్ర ఇటుక మీద తెల్ల రాయి, నిటారు ఫ్రెంచి కప్పు, వేల్స్ వెర్సాయ్ అని ముద్దుపేరు. యజమాని హ్యూస్ కుటుంబం డబ్బు యాంగిల్సీలో పారిస్ మౌంటెన్ రాగి గనిది. నాకైతే అది మరీ ఊరేగింపు గుర్రంలా అనిపిస్తుంది, అదే నెస్‌ఫీల్డ్ లాన్‌డీనమ్‌లో 1873-74లో కట్టిన ప్లాస్ డీనమ్ ఎంతో నయం, కలప చట్రం వేషం, పెంకు తొడిగిన గోడలు, పొడుగాటి పొగగొట్టాలు, ఆ కొండవాలుకి అమరినట్టు ఉంటుంది.

వెల్ష్‌పూల్ దగ్గర లైటన్ హాల్ ఇల్లు కంటే చెట్టుకి ఎక్కువ ప్రసిద్ధి. బ్రిటన్‌లో పక్కింటివాళ్లు గొడవపడే లేలాండీ కంచె చెట్టు ఉంది చూడండి, ఆ సంకర జాతి పుట్టింది ఈ తోటలోనే, 1888లో.

బాంగర్ దగ్గర పెన్రిన్ కాజిల్ని చాలామంది విక్టోరియన్ అనుకుంటారు, కాదు, 1820లలో మొదలైంది. విక్టోరియా రాణి 1859లో వచ్చినప్పుడు ఆమె కోసం చేయించిన స్లేటు మంచం మాత్రం ఉంది, బరువు టన్ను.

శైలికి మోటుగా ఒక వరస కావాలంటే ఇలా అనుకోండి. 1840లు, 50లలో ట్యూడర్ వేషం (పదహారో శతాబ్దపు ఇంగ్లీష్ తీరు), రాతి చట్రాల కిటికీలు, త్రికోణాలు, లేకపోతే ఇటలీ తీరు, గుండ్రటి కమానులు, తక్కువ వాలు కప్పు. 1850ల నుంచి 70ల దాకా కోసు కమానుల గోథిక్, ముఖ్యంగా పాదిరి ఇళ్లకి. 1870ల తర్వాత పాత ఇంగ్లీష్ పల్లె తీరు, క్వీన్ ఆన్ అనే ఎర్ర ఇటుక తీరు. 1890లలో ఆడంబరం తగ్గి చేతిపని మోజు. మారుమూలల్లో ఇవన్నీ కొన్నేళ్లు ఆలస్యంగా చేరతాయి, ఆ సర్దుబాటు మీరే చేసుకోవాలి.

పేరు, చెట్లు, కాగితాలు

గేటు మీద పేరు చదవండి. ప్లాస్ అంటే దొరల మేడ, హెండ్రె చలికాలపు ఇల్లు, హవోడ్ వేసవిలో పశువులతో ఉండే కొండ ఇల్లు, బ్రిన్ అంటే కొండ, హెన్ రెయిథోర్డి అంటే పాత పాదిరి ఇల్లు. పేరు పాతదై ఇల్లు కొత్తదైతే ఆ చోట అంతకు ముందు ఇంకేదో ఉండేది. తోటలో అన్నిటికంటే ఎత్తుగా, ఎర్రటి మెత్తని బెరడుతో వెల్లింగ్‌టోనియా చెట్టుంటే ఆ విత్తనాలు బ్రిటన్‌కి వచ్చింది 1853లో, కాబట్టి చెట్టు అంతకు పాతది కాలేదు. నీటి గొట్టాల పైన ఉండే ఇనుప, సీసం పెట్టెల మీద ఏడాది, యజమాని పేరు పొడి అక్షరాలు పోతపోసి ఉంటాయి, బైనాక్యులర్స్ తెమ్మంది అందుకే.

తర్వాత ఇంటికొచ్చి వెతకండి. కాడు అనేది వేల్స్ ప్రభుత్వ చారిత్రక కట్టడాల విభాగం, వాళ్ల కోవ్ కమ్రీ మ్యాప్‌లో ఇల్లు లిస్టెడ్ (చట్ట రక్షణ ఉన్న కట్టడాల జాబితాలోది) అయితే వివరణ ఉంటుంది, అబెరిస్ట్విత్‌లోని రాయల్ కమిషన్ వాళ్ల కొవ్‌లైన్‌లో పాత ఫోటోలు ఉండొచ్చు. నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్ ఆన్‌లైన్‌లో టైత్ మ్యాపులు (చర్చికి కట్టే పదో వంతు పన్ను లెక్క కోసం గీసినవి) ఉచితం, చాలావరకు 1840ల చుట్టూ గీసినవి, అందులో మీ ఇంటి ఆకారం లేకపోతే ఇల్లు ఆ తర్వాతదే, ఉండి వేరే ఆకారంలో ఉంటే పెంచారు. 1880ల చుట్టూ వచ్చిన ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ల, మైలుకి 25 అంగుళాల లెక్కన గీసిన మ్యాపుని పక్కన పెడితే రెండింటి మధ్య ఏం జరిగిందో కళ్లకి కనపడుతుంది. జనగణన పదేళ్లకొకసారి, 1841 నుంచి పనివాళ్ల పేర్లు, 1851 నుంచి పుట్టిన ఊళ్లు కూడా ఉంటాయి, 1891 నుంచి వేల్స్‌లో ఏ భాష మాట్లాడతారని కూడా అడిగారు, మేడ మీదివాళ్లకి ఇంగ్లీషు, వంటింట్లోవాళ్లకి వెల్ష్ అని రాసి ఉన్న పేజీలు చూస్తే పచ్చ గుడ్డ తలుపు మళ్లీ గుర్తొస్తుంది.

కొనాలని, బాగు చేయాలని ఉంటే

లిస్టెడ్ ఇళ్లకి మూడు గ్రేడులు, ఒకటి, రెండు స్టార్, రెండు. ఏ గ్రేడయినా లోపలా బయటా మొత్తానికి రక్షణ, 1948 జూలై 1 కంటే ముందు నుంచి ఆ ఆవరణలో ఉన్న షెడ్డు, గోడ కూడా దాంట్లోకే రావచ్చు. ఇంటి స్వభావం మారే పని చేయాలంటే లోకల్ ప్లానింగ్ అథారిటీ దగ్గర అనుమతి తీసుకోవాలి, లేకుండా చేస్తే క్రిమినల్ నేరం, జరిమానా కట్టేసి వదిలించుకునే వ్యవహారం కాదు. అటకలో గబ్బిలాలుంటే వాటికీ చట్ట రక్షణ ఉంది, కప్పు విప్పే ముందు సర్వే చేయించాలి.

చూడ్డానికి పోయినప్పుడు గోడ అతుకుల్లో ఏం పూశారో గీకకుండా చూడండి. ఈ గోడలు సున్నంతో కట్టినవి, లోపల ఖాళీ లేని నిండు గోడలు, తడి పీల్చుకుని గాలి తగిలినప్పుడు సున్నం అతుకుల్లోంచి వదిలేస్తాయి. ఎవరో మంచి చేద్దామని సిమెంటు పూస్తే తడికి దారి మూసుకుపోయి రాయిలోంచే బయటపడాలని చూస్తుంది, చలికాలంలో అది గడ్డకట్టి రాయి, ఇటుక ముఖం పొరలు పొరలుగా రాలిపోతుంది, సిమెంటు గీత మాత్రం బింకంగా నిలబడి ఉంటుంది. లోపల చెమ్మ అని గోడలోకి మందు ఎక్కించమనేవాళ్లు దొరుకుతారు, దానికి ముందు వాన గొట్టం పగిలిందా, బయట నేల ఎత్తు పెరిగి గోడకి ఆనుకుందా, మూసేసిన పొగగొట్టంలో నీళ్లు దిగుతున్నాయా చూసుకోండి, నేను విన్న చెమ్మ కథల్లో ఎక్కువ ఆ మూడింట్లోనే తేలాయి.

కొనకుండా ఊరికే చూసేవాళ్లకి ఒక జాగ్రత్త. చాలా ఇళ్లలో జనం కాపురం ఉంటున్నారు. ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ మ్యాపులో పచ్చ గీతలుగా ఉండేవి పబ్లిక్ కాలిబాటలు, బోర్డు మీద Llwybr Cyhoeddus (పబ్లిక్ కాలిబాట) అని ఉంటే నడవొచ్చు, Preifat (ప్రైవేటు) అని ఉంటే వెనక్కి తిరగాలి. ఆ కాలిబాటలు చాలాచోట్ల పొలాల వైపు నుంచి, పశువుల కొట్టాల పక్కగా ఇంటి వెనక్కే పోతాయి, మనకి కావాల్సింది కూడా అదే.